చింత చేవ బరువు

చౌడేపల్లె,
19 ఆగస్టు 2004, గురువారం.

చిరంజీవి అర్చనకు నాయన దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ అమ్మ, ఆవులు నాలుగూ, మొన్న మంగళవారం పుట్టిన పెయ్యదూడా అందరమూ బాగున్నాము. అక్కడ నీ ఎడమ భుజం తప్ప మిగిలిన నువ్వు బాగున్నావని అనుకుంటున్నాను. పెయ్యదూడకు నుదుట తెల్ల చుక్క ఉంది. పేరు నువ్వే పెట్టాలని మీ అమ్మ పట్టుబట్టింది కాబట్టి ప్రస్తుతానికి దాన్ని 'ఏయ్' అని పిలుస్తున్నాము. పలుకుతోంది కూడా.

వాన మొహం చాటేసింది. బోరు కింద టమోటా ఒక్కటే పచ్చగా కనబడుతోంది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. తగ్గిందని రాయమని నాకు చెప్పి పాలు పోయడానికి పోయింది. నీతో డ్రమ్ములు వాయించే లత వాళ్ళది రామకుప్పం పక్కన కదా, ఆ వైపు ఏనుగులు దిగి రాగిచేలు తొక్కేశాయని పేపర్లో చదివాము. వాళ్ళ చేను సంగతి ఏమైందో రాయి.

ఫోను చేయొచ్చు కదా, జాబెందుకు అంటావు. మీ హాస్టలు ఫోను దగ్గర నీ వెనక ఎప్పుడూ పదిమంది లైనులో ఉంటారు. నేను చెప్పాల్సిన మాట ఒకటి ఉంది, అది అలా నిలబడి వినేది కాదు. దాన్ని చివర రాస్తాను. చివర రాస్తానంటే మరిచిపోతానని కాదు, ముందే రాస్తే మిగిలిన జాబు నువ్వు చదవవేమోనని భయం. నీ ప్రశ్నలకు జవాబులు నీకు అవసరం, నా మీద కోపం వచ్చినా అవి పనికొస్తాయి. అందుకని ముందు అవి.

నీ గిటారు ఒళ్ళు ఏ కట్టెతో చేశారని మీ కాలేజీలో అడుగుతున్నారన్నావు. చింత. చింతలోనూ చేవ, అంటే మాను నడుమ నల్లగా రాయిలా ఉండే భాగం. కాలేజీ క్యాంటీను తక్కెడలో పెడితే గిటారు ఐదున్నర కిలోలు తూగిందని రాశావు. తక్కెడ అబద్ధం చెప్పలేదు. పైన మెడ, తీగలు, ఇనుప సామాను తీసేస్తే కట్టె ఒక్కటే నాలుగు కిలోల దాకా ఉంటుంది. అంగళ్ళలో అమ్మేవి మొత్తం కలిపి మూడున్నర కిలోలకు అటూ ఇటూ ఉంటాయట. ఇది నాకు చెప్పింది నారాయణప్ప. మదనపల్లె బస్టాండు వెనక మైకుసెట్లు బాడుగకిచ్చే మనిషి, వయసులో ఉన్నప్పుడు ఆర్కెస్ట్రాలో పదేళ్ళు గిటారు వాయించాడు.

రెండో ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే ఆయన దగ్గరికి పోయాను. బరువు తగ్గితే సౌండు పోతుందా అని అడిగావు. మీ జట్టులో అందరూ నీ గిటారు తీగ చాలాసేపు మోగుతుందనీ, అదంతా ఆ బరువు కట్టె మహిమేననీ, మార్చొద్దనీ అంటున్నారని రాశావు. నీ జాబు వచ్చిన వారానికే నేను తేలిక కట్టెతో అదే ఆకారం ఒకటి కోశాను. మొదట బూరుగుతో. అది పూర్తిగా నా తెలివితక్కువతనం. బూరుగు అగ్గిపెట్టె పుల్లలకు సరి, స్క్రూ బిగిస్తే పట్టు లేక ఊడి చేతికొచ్చింది. అదీగాక మెడ బదులు అంతే బరువు కట్టె కట్టి చూస్తే, ఒళ్ళు మరీ తేలికైపోయి మెడ పక్కే బరువై, బెల్టు తగిలించుకోగానే ముందరికి ఒరిగిపోయింది. అలాంటిదాన్ని వాయించేవాళ్ళు ఎడమ చేత్తో దాన్ని ఎత్తి పట్టుకుంటూ ఉండాల్సిందే. భుజానికి తప్పిన బరువు మణికట్టుకు పడుతుంది. దాన్ని మీ అమ్మ నీళ్ళపొయ్యిలో పెట్టింది.

తర్వాత కొండవేపతో కోశాను. కొండవేప మధ్యరకం. స్క్రూ పడితే పట్టుకుంటుంది, ఒంటిచేత్తో ఎత్తొచ్చు. బెల్టు తగిలించే గుబ్బను రెండంగుళాలు ముందరికి జరిపితే ఒరగడం కూడా ఆగింది. దాన్ని గోనెసంచిలో చుట్టుకుని మదనపల్లె బస్సెక్కాను. నారాయణప్ప తన సొంత గిటారు విప్పి, ఆ మెడా ఆ తీగలూ ఆ అయస్కాంతాలూ తీసి మన కొండవేపకు బిగించాడు. మెడ దూర్చే గూడు కాస్త వదులైతే అట్టముక్క పెట్టాడు. స్పీకరు పెట్టి ఒకే తీగను మీటి, మోత ఆగేదాకా నన్ను అంకెలు లెక్కపెట్టమన్నాడు. మన కట్టె మీద పద్నాలుగు దాకా వినబడింది. మళ్ళీ అన్నీ విప్పి తన బరువు గిటారుకు బిగించి మీటితే పదహారు. రెండే తేడా.

నేను ఆ రెండునే పట్టుకుని కూర్చున్నాను. 'అయితే తగ్గింది కదప్పా, మా పాపకు సౌండు ముఖ్యం' అన్నాను. ఆయన నవ్వినాడు.

'ఏమప్పా ఉమాపతీ, ఇది వీణ కాదు, బుర్రలోంచి సౌండు వచ్చేదానికి. తీగ ఆడతాది, కింద అయస్కాంతం పట్టుకుంటాది, వైరులో పోతాది, స్పీకర్లో వస్తాది. కట్టె తన వంతు ఒక చిటికెడు ఏస్తాది, లేదనను. బరువుదైతే తీగ రవ్వంత ఎక్కువసేపు నిలబడతాది. తేలికదైతే తొందరగా పలికి, ఒంటికి తగలతాది. రెంటికీ రెండు రుచులుండాయి. పక్కన డ్రమ్ములు కొడతాంటే, ముందర ఐదొందల మంది అరస్తాంటే, ఆ రెండు అంకెలు యాడ ఇనపడతాయి సెప్పు. భుజం నొప్పి మాత్రం వాయించే బిడ్డకు మొదటి పాట నుంచీ ఇనపడతానే ఉంటాది' అన్నాడు.

పదేళ్ళు వాయించిన మనిషి మాట కాబట్టి నీకు ఉన్నదున్నట్టు రాశాను. ఆయన చెవే వేదమని అనడం లేదు. నీ చెవితో నువ్వు వినాలి. మీ జట్టువాళ్ళు చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు, అంత పెద్ద నిజమూ కాదు.

తర్వాత ఆయన దాన్ని నా మెడలో తగిలించాడు. నాకేమీ రాదంటే వినలేదు. నా చేత ఊరికే తీగ మీటించాడు. కట్టె నా పొట్టకు ఆనుకుని ఉంది కదా, అది వణికింది. పాలు తాగేటప్పుడు దూడ గొంతు మీద చెయ్యి పెడితే తెలుస్తుందే, అట్లా. సౌండు స్పీకర్లో ఎక్కడో వస్తోంది, ఇది మాత్రం నాకొక్కడికే తెలుస్తోంది. ఇంకోసారి మీటాను. నారాయణప్ప చూస్తున్నాడని కూడా సిగ్గుపడలేదు. నువ్వు ఇన్నాళ్ళూ ఎందుకు దీన్ని వదలకుండా పట్టుకున్నావో నాకు అప్పుడు అర్థమైంది. నలభై తొమ్మిదేళ్ళు వచ్చాక అర్థమైంది.

మూడో ప్రశ్న, గిటారు వదిలేయాలా అని. డాక్టరు ఏమన్నాడో నీ జాబులో మళ్ళీ చదివాను. మెడ దగ్గర నరం నలుగుతోంది, బరువైనా వదులు వాయించడమైనా వదులు, లేకపోతే వేళ్ళలో పట్టు పోతుంది అన్నాడు. నీ చేతిలోంచి నీళ్ళగ్లాసు జారిపోయిందని రాశావు. ఆ ఒక్క లైను రాశాక కింద నవ్వు మొహం గీశావు. ఎవరికోసం తల్లీ ఆ నవ్వు మొహం. వాయించడం వదలొద్దు. బరువు వదులు.

కానీ నువ్వు వదలడం లేదు. మీ అమ్మ పోయిన ఆదివారం ఫోనులో మీ నాయన తేలికది చేస్తున్నాడంట అని చెబితే వద్దన్నావు. 'సెప్టెంబరు పదకొండున బెంగుళూరు పోటీలో నాయన మనసు పెట్టి చేసిన గిటారే వాయిస్తానమ్మా, ఒక్క గంట కదా, ఓర్చుకుంటా' అన్నావట. మా నాయన చేశాడని కాలేజీలో అందరికీ చూపిస్తావట. ఆ మాట మీ అమ్మ ఫోను పెట్టేసి వచ్చి ఎంతో మురిసిపోతూ చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా మీద ప్రేమతోనే నువ్వు చెయ్యి పోగొట్టుకునేట్టున్నావు. అందుకని ఆ ప్రేమ పోయినా సరేనని ఇది రాస్తున్నాను.

రెండేళ్ళ కిందట నువ్వు బెంగుళూరులో పాత గిటారు కొనుక్కుని వచ్చావు. దాని ప్లైవుడ్డు ఒళ్ళు పొరలు పొరలుగా విచ్చిపోయింది. 'నాయనా, కాడిమాన్లు చేసుకునే చేతికి ఇదెంత, కొత్త ఒళ్ళు చేసియ్యి' అన్నావు. సరేనన్నాను. నీ ముందర కాదనడం నాకు ఎప్పుడూ చేతకాదు. ఆ వారంలోనే పాలసెంటర్లో గంగులయ్య పదిమంది ముందర అన్నాడు, 'ఏమప్పా, నీ కూతురు మగోళ్ళ మాదిరి గిటారు తగిలించుకొని స్టేజీ మీద ఎగరతాండాదంటనే. రేపు సంబంధం అడిగేవాళ్ళు ఆ ఫోటో సూస్తే ఏం సెప్తావు' అని. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. క్యాను చేతిలో ఉంది, పాలు పోసేసి వచ్చేశాను. ఆ నవ్వు మాత్రం నాతోపాటు ఇంటికొచ్చింది.

మరుసటి రోజు పుంగనూరు సామిల్లుకు పోయాను. అక్కడ కట్టె అమ్మే దేవరాజులు కొండవేప పలక చూపించాడు, ఎండి, తేలిగ్గా, ఒక్క ముడి లేకుండా ఉంది. నేను చింత చేవ కావాలన్నాను. 'వాయించేదానికంటాండావు, మెడకు తగిలించుకునేది, యాల నీకు ఇంత బరువుది? గానుగకు పెట్టేది ఇది' అన్నాడు. నాకు తెలియక కాదు. తెలిసే తీసుకున్నాను.

నువ్వు మన ఇంట్లో పుట్టినదానివి, నీకు చెప్పక్కరలేదు. మనం పశువును కొట్టం. మా తాత కొట్టలేదు, మా నాయన కొట్టలేదు. పక్కచేల మీద పడే ఆవు ఉంటే మెడకు గుదికొయ్య కడతాం. తల దించుకుని నడిస్తే దుంగ ఊరికే వేలాడుతుంది. తల ఎత్తి పరిగెత్తిందంటే మోకాళ్ళకు కొట్టుకుంటుంది. ఎవరూ అదిలించక్కరలేదు, రెండు మూడు నెలల్లో అదే నెమ్మదిస్తుంది. కొట్టలేదు, తిట్టలేదు అని మన మనసుకూ హాయి. అర్చనా, నేను నీకు కట్టింది అదే.

వద్దని నోటితో అంటే నువ్వు ఏడుస్తావు. భుజం నొప్పి పుడితే నువ్వే మెల్లగా పక్కన పెడతావు, మూడు నెలలు చాలు అనుకున్నాను. పాత ఒంటికి వెనక పక్క పొట్ట ఆనేచోట లోపలికి వంపు ఉండింది. నేను ఆ వంపు చెక్కలేదు. ఎందుకని నువ్వడిగితే, చేవకట్టె చెక్కితే పగులుతుందన్నాను. పగలదు. పాలిష్ మాత్రం నాలుగుసార్లు పెట్టాను. నువ్వు చూసి సంతోషంతో నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నావు. అప్పుడైనా చెప్పాల్సింది.

మూడు నెలలు అయింది, ఆరు అయింది, నువ్వు పక్కన పెట్టలేదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో వచ్చినప్పుడు మీ అమ్మ నీ భుజానికి నూనె రాస్తుంటే వసారాలోంచి చూశాను. బెల్టు పడేచోట నల్లగా కాయకట్టి ఉంది. కాడి కింద ఎద్దు మెడ అట్లా అయితే ఆ పూటే కాడి దించేసి, పుండు మానేదాకా దున్నకుండా ఉండేవాణ్ణి నేను. నిన్ను చూసి పేపరు చేతిలోకి తీసుకున్నాను. ఈ జాబులో అన్నింటికన్నా రాయడానికి కష్టమైన లైను ఇదే, రాసేశాను.

గ్లాసు జారిందన్న నీ జాబు వచ్చిన రోజు, ఐదున్నర కిలోల దుంగ తూచి, నీ బెల్టంత సన్నటి తాడుతో ఎడమ భుజానికి తగిలించుకున్నాను. పొద్దున ఎనిమిదికి తగిలించుకుని కసువు కోశాను, కొట్టం ఊడ్చాను, నిలబడే అన్నం తిన్నాను. పదకొండు దాటేసరికి చిటికెన వేలు నాది కాదనిపించింది. మూడు గంటలు. నువ్వు రెండేళ్ళు మోశావు, అందులో పాటలు కూడా నేర్చుకున్నావు. నేను ఆ దుంగ దించేసి కొట్టంలోనే కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా, దాచేదేముంది.

మీ అమ్మకు సోమవారం చెప్పాను. 'ఆ బిడ్డ భుజానికి నూనె రాస్తాంటే నువ్వు ఆడ కూర్చోని పేపరు సదువుతాంటివి కదప్పా' అంది, అంతే. తర్వాత పాత జంబుఖానా కత్తిరించి, లోపల దూది కుట్టి, జానెడు వెడల్పు బెల్టు తయారుచేసింది. సన్నటి బెల్టు ఒకేచోట కోస్తుందట, వెడల్పుదైతే బరువు భుజమంతా పంచుకుంటుందట. నేను ఎద్దుల గురించి ఇరవై ఏళ్ళుగా చెప్పే మాటే నాకు తిరిగి చెప్పింది.

సంబంధాల సంగతి నువ్వు మనసులో పెట్టుకోవద్దు. గంగులయ్యకు నిన్న నేనే చెప్పాను, నా కూతురు సెప్టెంబరులో బెంగుళూరులో వాయిస్తోంది, ఫోటో వస్తే నువ్వే అందరికీ చూపించు అని. ఆయన ఏమన్నాడో నేను వినలేదు, పాలు కొలిపించుకుని వచ్చేశాను.

క్షమించమని అడగను. అడిగితే నువ్వు వెంటనే సరే నాయనా అనేస్తావు, అది నాకు తెలుసు. ఆ తొందర వద్దు. నీకు ఎంతకాలం కోపంగా ఉంటే అంతకాలం ఉండు. చింతదాన్ని మాత్రం నాకోసం మోయొద్దు. దాన్లో నా మనసు ఉన్న మాట నిజమే, మంచి మనసు కాదు అంతే. నీకు దాని సౌండే కావాలంటే అదీ చెప్పు. దాన్ని లోపల తొలిచి, వెనక వంపు తీసి, బరువు సగం చేసి ఇస్తాను. కొండవేపదే బాగుందనిపిస్తే అదే ఉంచుకో. రెండూ వద్దు, నీ చేతి పనే వద్దు నాయనా అంటే, కొత్తది కొనుక్కుందాం. ఏది మెడలో వేసుకోవాలో ఈసారి నువ్వే చెప్పాలి.

ఇరవై తొమ్మిదో తారీకు ఆదివారం మొదటి బస్సుకు కుప్పం వస్తున్నాను. కొండవేపది పూర్తి కాలేదు. ముందర పక్క అయింది, వెనక వంపు చెక్కకుండా ఉంచాను. నీ పక్కటెముక ఎక్కడ ఆనుతుందో, మోచెయ్యి ఎక్కడ ఒత్తుకుంటుందో ఇంట్లో కూర్చుని నేను ఊహించి చెక్కగూడదు. హాస్టలు గేటు బయట అరుగు మీద కూర్చుని ఉంటాను, ఉలి, ఆకురాయి తెచ్చుకుంటాను. నువ్వు దాన్ని తగిలించుకుని నిలబడు. నాతో మాట్లాడకపోయినా పర్వాలేదు. ఎక్కడ నొప్పి పుడుతోందో వేలు పెట్టి చూపించు, అక్కడ అరగదీస్తాను. ఇంకా నొప్పిగా ఉంటే మళ్ళీ చూపించు.

ఇట్లు,
ఆకురాయి పట్టుకుని వస్తున్న
నీ నాయన